ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు

“చెక్ అవుట్ ఎన్నింటికండీ?” అని ఫోన్లో అడిగితే “ట్వంటీ ఫోర్ అవర్స్ సార్, టెన్షనే లేదు” అన్నాడు లాడ్జి అతను. మా బామ్మర్ది పొంగిపోయి వెంటనే 2,350 రూపాయలు కట్టేశాడు. బీచ్‌కి ఇంకాస్త దగ్గరలో 2,950కి మరో రూము దొరికేది. ఆరు వందలు మిగిల్చానని వాడు హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా చెప్తూనే ఉన్నాడు.

ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కాం, శనివారం తెల్లారి వైజాగ్‌లో దిగాం. ముగ్గురికీ థర్డ్ ఏసీ 3,400 చిల్లర. నేను మొదటిసారి హాఫ్ మారథాన్, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు, పరిగెత్తడానికి వెళ్తున్నాను, మా ఆవిడ చూడ్డానికి, మా బామ్మర్ది చేపల పులుసు తినడానికి. స్టేషన్ నుంచి నేరుగా లాడ్జికి వెళ్లి ఏడుంబావుకి రిజిస్టర్లో సంతకం పెట్టాను. ఆ టైమే మా కొంప ముంచుతుందని అప్పుడు తట్టలేదు.

రూము మూడో అంతస్తులో. లిఫ్టుకి ‘మరమ్మతులో ఉన్నది’ అని కాగితం అంటించి ఉంది, ఆ కాగితమే పసుపు రంగుకి తిరిగిపోయింది. సీ వ్యూ అన్నారు. కిటికీ తీస్తే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు, దాని మీద ఆరేసిన దుప్పట్లు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఏమిటో పెళ్లయినవాళ్లకు తెలుసు.

మధ్యాహ్నం వెళ్లి బిబ్ తెచ్చుకున్నాను. నంబరు రాసి వెనక టైమింగ్ చిప్ అంటించిన కాగితం, నాలుగు పిన్నీసులు, ఒక టీషర్టు. రిజిస్ట్రేషన్‌కి కట్టిన 1,400కి అదీ, మర్నాడు మెడల్, టిఫిన్. ఆ పని పావుగంటలో అయిపోయింది. సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లొచ్చాం. 2001లో నేవీ విధుల నుంచి తప్పించి, మర్నాటి ఏడు ఒడ్డున మ్యూజియంగా పెట్టారు. లోపల వంగి నడవాలి కాబట్టి పరుగుకి ముందురోజు నడుముకి అంత మంచిది కాదు, పరుగయ్యాక చూడండి. బయటికొచ్చాక వాళ్లిద్దరూ మిరపకాయ బజ్జీలు, ముంతకింద పప్పు తింటుంటే నేను అరటిపండు పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిదింటికల్లా పడుకోవాలని ప్లాను.

లాడ్జి కింద ఫంక్షన్ హాలుందని ఎవరూ చెప్పలేదు. ఎవరిదో రిసెప్షన్. సౌండు బాక్సుల దెబ్బకి మంచం పక్కన గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. పన్నెండున్నరకి ఆపారు. మూడింటికి లేచాను. నాలుగుంబావుకి కిందికి దిగితే గేటుకి తాళం, వాచ్‌మన్ కుర్చీలో దుప్పటి ముసుగు. వాణ్ణి లేపి, తాళంచెవి వెతికించేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. మూడు కిలోమీటర్లకి ఆటో అతను 300 అన్నాడు, బేరమాడే టైము లేదు. పరుగున్న రోజు బీచ్ రోడ్డులోకి బండ్లు రానివ్వరు కాబట్టి చివరి అర కిలోమీటరు ఎలాగూ నడకే. ఆరు వందల మిగులులో సగం అక్కడే పోయిందని బామ్మర్దికి గుర్తు చేశాను. వాడు ముఖం అటు తిప్పుకున్నాడు.

పరుగు మాత్రం, ఏం చెప్పను, బాగుంది. ఐదున్నరకి చీకట్లో మొదలైంది. రుషికొండ వైపు వెళ్లి అదే దారిలో వెనక్కి రావాలి, వెళ్లేటప్పుడు కుడిపక్కన సముద్రం. కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. చుట్టూ వందల జతల బూట్ల చప్పుడు, మధ్యమధ్యలో అల విరిగిన చప్పుడు. మొదటి ఐదు కిలోమీటర్లు నాకు నేనే ముచ్చటేశాను.

నాకు సలహా ఇచ్చిన మిత్రుడొకడు “బీచ్ రోడ్డు కదా, అరచెయ్యిలా చదునుగా ఉంటుంది” అన్నాడు. అతను ఆ రోడ్డు మీద కారులో తప్ప తిరిగి ఉండడు. కైలాసగిరి కొండ కింద తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఎక్కుతుంది. వెళ్లేటప్పుడు కొత్త ఉత్సాహం మీద తెలియదు, వచ్చేటప్పుడు తెలుస్తుంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తుపల్లాల్లో మూడు నెలలు తిరిగాను కాబట్టి ఆ ఎక్కుడు దాటగలిగాను. నేను లెక్కేసుకోనిది ఉక్క. డిసెంబరైనా సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదు. ఒంటి మీదే ఉంటుంది, టీషర్టు తడిసి బరువెక్కుతుంది, చంకల్లో ఒరుసుకుంటుంది. వాజలైన్ పది రూపాయల డబ్బా చాలు, కానీ అది లాడ్జిలో ఉంది.

సాగర్ నగర్ దగ్గర సూర్యుడొచ్చాడు. నీళ్లిచ్చే పిల్లలు ప్రతి కప్పుకీ “కమాన్ అంకుల్” అన్నారు. అంకుల్ లేకుండా అనొచ్చు. నాకు దాహం తెలియక మొదటి రెండు చోట్ల నీళ్లు తాగలేదు, దాని ఫలితం పదిహేడో కిలోమీటరు దగ్గర వచ్చింది. ఎడమ పిక్క పట్టేసింది. పిక్క లోపల కోడిగుడ్డంత గట్టిగా ముద్ద కట్టి, వేలితో నొక్కితే పక్కకి జరుగుతోంది. డివైడర్ పట్టుకుని నిలబడ్డాను. అవతల వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతిలో పని ఆపి, “ఆటో పిలమంటారేటి బాబూ?” అన్నాడు. పాపం నిజంగానే అడిగాడు. ఆ మాటకి నవ్వొచ్చింది, నవ్వుతూ నడిచాను, నడుస్తూ మళ్లీ పరిగెత్తాను. 2 గంటల 43 నిమిషాలు. రెండున్నర అనుకున్నాను, పరవాలేదు. చివర్లో మా ఆవిడ అరిచిన అరుపుకి పక్కనున్నవాళ్లు వెనక్కి జరిగారు.

మెడలో మెడల్‌తో తొమ్మిది దాటాక లాడ్జికి వచ్చాం. రిసెప్షన్‌లో చెప్పుల స్టాండు పక్కన మా బ్యాగులు. తడి తువ్వాలు, నా వాజలైన్ డబ్బా, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు అన్నీ ఒకే క్యారీ బ్యాగులో కుక్కి పెట్టారు. “ట్వంటీ ఫోర్ అవర్స్ ఏడుంబావుకి అయిపోయింది కద సార్” అన్నాడు కౌంటర్లో అబ్బాయి, రిజిస్టర్ నా వైపు తిప్పి. నా సంతకమే. ఏడుంబావుకి నేను పదమూడో కిలోమీటరు దాటుతున్నాను. స్నానం చేసి వెళ్తామంటే సగం రోజు అద్దె 1,200 అన్నాడు. నేను నిలబడలేక మెట్ల మీద కూర్చుని వాదిస్తున్నాను. కూర్చుని వాదిస్తే ఎవడూ ఖాతరు చెయ్యడు. ఆఖరికి మా ఆవిడ గొంతు పెంచితే కింద కామన్ బాత్రూము చూపించాడు. ఇరవై నిమిషాలు, 150 రూపాయలు, చన్నీళ్లు. అనుమతి లేకుండా మా సామాను ఎందుకు ముట్టుకున్నారని ఆవిడ అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

అందుకని చెప్తున్నాను. పొద్దున్నే రైలు దిగేవాళ్లకి ఇరవై నాలుగు గంటల రూము ఉచ్చు. మధ్యాహ్నం పన్నెండుకి చెక్ అవుట్ ఉన్నదే తీసుకోండి, లేదా రెండో రోజుకి కూడా కట్టేయండి. పరుగు మొదలయ్యే ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉండండి. కింద ఫంక్షన్ హాలుందా అని అడగండి, సిగ్గుపడకండి. పరుగు దగ్గర బ్యాగులు దాచిపెట్టే కౌంటరుంటుంది, ఒక జత బట్టలు అక్కడ పెట్టుకోండి.

లాడ్జి సందు చివర ఒకావిడ టిఫిన్ బండి ఉంది. నేను గోడ పట్టుకుని రావడం చూసి, అడక్కుండానే స్టూలు జరిపింది. “ఏటి బాబూ, మెళ్లో ఆ బిళ్లేటి? గెలిచేరేటి?”

“లేదమ్మా, పరిగెత్తానంతే.”

“డబ్బులిచ్చేరా?”

“మేమే ఇచ్చాం.”

ఆవిడ చట్నీ గరిటె గిన్నెలో వదిలేసి నవ్వింది. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. పెసరట్టు అంచు పటపటమంటోంది, ఉప్మా లోపల పొగలు కక్కుతోంది. రెండు తిన్నాను, మూడోది చెప్పాను. తన కోసం తెచ్చుకున్న స్టీలు డబ్బాలోంచి మజ్జిగ పోసి, చిటికెడు ఉప్పేసి ఇచ్చింది. ముగ్గురికీ 210 అయింది, మజ్జిగకి తీసుకోనంది. ఆ ట్రిప్పులో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

చేపల పులుసు కూడా అయ్యింది, బామ్మర్ది దాని గురించి వివరంగా చెప్పగలడు. సాయంత్రం రైల్లో నాకు పై బెర్త్ వచ్చింది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాను. వాడు మాట్లాడకుండా తన కింది బెర్త్ మీద దుప్పటి తీసి పైకి విసిరాడు. లైట్లు ఆర్పాక పైనుంచి అన్నాడు: “బావా, ఆగస్టులో హైదరాబాద్‌దే పరిగెత్తు. లాడ్జి అక్కర్లేదు.”