పరిశోధకులకు విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందించే సేవలు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒక సమీక్ష

పీహెచ్‌డీలో చేరిన నాటి నుంచి, పట్టా వచ్చాక పోస్ట్ డాక్టరల్ పరిశోధనలోనూ, విశ్వవిద్యాలయ గ్రంథాలయం పరిశోధకుల కోసం నడిపే సేవలను నేను విడవకుండా వాడుతూ వచ్చాను. పుస్తకాలు ఇంటికి ఇవ్వడం, చదువుకునే గదులు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటిని పక్కన పెడతాను. సాహిత్య సమీక్షకు సాయం, చందా డేటాబేసులు, ఇతర గ్రంథాలయాల నుంచి వ్యాసాలు తెప్పించడం, రిఫరెన్సుల నిర్వహణ, డేటాను భద్రపరచడం, ప్రచురణ సలహా అనేవే ఈ సమీక్షకు విషయం. నా తీర్పు ముందే చెబుతాను. వీటన్నిటిలోకీ విలువైనది మన శాస్త్రానికి కేటాయించిన సబ్జెక్టు లైబ్రేరియన్‌తో కూర్చుని మాట్లాడే సంప్రదింపు సేవ. నేను చూసినంతలో అతి తక్కువగా వాడుకలో ఉన్నదీ అదే. వాడేవారు కూడా థీసిస్ చివరి దశలో, ఆ సేవ చేయగల మేలు చాలావరకు చేజారిన తర్వాత వెళుతుంటారు.

నా పరిశోధన రక్తహీనతకు సంబంధించినది. ఈ విషయంపై వ్యాసాలు వైద్య పత్రికల్లోనే కాక పోషకాహార, సామాజిక, ఆర్థిక శాస్త్రాల పత్రికల్లో కూడా చెదిరి ఉంటాయి. మొదటి సమావేశంలో లైబ్రేరియన్ డేటాబేసుల పేరెత్తకముందే నా పరిశోధన ప్రశ్న ఏమిటని అడిగారు. ఎవరిపై అధ్యయనం, ఏ చికిత్స లేదా చర్య, దేనితో పోలిక, ఏ ఫలితం అని ఆ ప్రశ్నను నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి పరిశోధకులు వాడే పర్యాయపదాలన్నిటినీ నా చేతే రాయించారు. ఒకే భాగంలోని పర్యాయపదాలను ‘ఆర్’తోనూ, వేర్వేరు భాగాలను ‘ఆండ్’తోనూ కలపాలన్న నియమం ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ నియమం ఒక్కో డేటాబేసులో ఎలా పనిచేస్తుందో ఎరిగిన మనిషి పక్కన ఉంటేగాని దాని ఫలం అందదు. ఉదాహరణకు, వైద్య వ్యాసాల డేటాబేసు అయిన పబ్‌మెడ్‌లో ఒక మాట టైపు చేస్తే అది దానంతట అదే మెష్ అనే నియంత్రిత విషయ శీర్షికలతో జతపడుతుంది. అదే మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టినా, చివర నక్షత్రం గుర్తు తగిలించినా ఆ జతపడటం ఆగిపోతుంది. వెతుకులాటకు పదును పెడుతున్నామనుకుని కొటేషన్లు పెట్టేవారికి కావలసిన వ్యాసాలు కొన్ని కనబడకుండా పోయేది ఇందువల్లనే. అలాగని మెష్ శీర్షికలనే నమ్ముకున్నా చాలదు. పబ్‌మెడ్‌లో ఉంటూనే, దానిలో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లో చేరని పత్రికల వ్యాసాలకు ఆ శీర్షికలు ఉండవు కనుక శీర్షికలనూ మామూలు మాటలనూ కలిపి వెతకాలి. రక్తహీనత అనే మాటకే బ్రిటిష్, అమెరికన్ ఇంగ్లిష్‌లలో వర్ణక్రమం వేరు. అన్ని డేటాబేసులూ ఆ రెండింటినీ ఒకటిగా గుర్తించవు. విడివిడిగా చూస్తే ఇవి చిన్న సంగతులే గాని, మొత్తం మీద ఏ వ్యాసాలు చదివామన్నది వీటిని బట్టే తేలుతుంది.

2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని తోటి పరిశోధకులు అడుగుతుంటారు. తెలిసిన వ్యాసాన్ని చప్పున పట్టుకోవడానికి, ఒక వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడటానికి నేనూ దాన్నే వాడతాను. అయితే అది ఏ వెతుకులాటకైనా వెయ్యి ఫలితాలకు మించి చూపదు. క్రమబద్ధ సమీక్ష, అంటే ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ నిర్దిష్ట పద్ధతిలో వెతికి పరిశీలించే సమీక్ష, చేసేవారు తమ వెతుకులాటను మరొకరు తిరిగి నడిపి సరిచూసుకోగలిగేలా నమోదు చేయాలి. గూగుల్ స్కాలర్ ఒక్కటే అందుకు సరిపోదు. ఇలాంటి సమీక్షల నివేదనకు ప్రమాణంగా ఉన్న ప్రిస్మా 2020 తన 27 అంశాల జాబితాలో, వాడిన ప్రతి డేటాబేసుకూ పూర్తి వెతుకులాట వ్యూహాన్ని ఇవ్వమని అడుగుతుంది. మా లైబ్రేరియన్ నా వ్యూహాన్ని వరుస వరుసనా చదివి, నాకు ముందే తెలిసిన ముఖ్యమైన వ్యాసాలు ఫలితాల్లోకి వస్తున్నాయో లేదో పరీక్షించి, ఆ తర్వాతనే దాన్ని స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే ఇతర డేటాబేసులకు తగినట్టుగా మార్చి రాశారు. ఇంత మేధాశ్రమ చేసినవారికి వ్యాసం చివర ఒక వాక్యంలో కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. వ్యూహ రచన ప్రధానంగా వారిదైనప్పుడు వారిని సహరచయితగా చేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంత మంచి సేవను గ్రంథాలయాలే ప్రజల కంటపడకుండా ఉంచుతున్నాయి. నేను వాడిన గ్రంథాలయాల వెబ్‌సైట్లలో మొదటి పుటంతా కొత్త డేటాబేసుల ప్రకటనలతో, పనివేళలతో నిండి ఉండేది. సంప్రదింపుకు సమయం తీసుకునే ఫారం మూడు నాలుగు మెట్లు లోపలికి వెళితేగాని కనిపించేది కాదు. పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది భారత గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగోది. గ్రంథాలయ శాస్త్రం చదివిన వారందరూ నేర్చుకునే ఆ సూత్రం తమ వెబ్‌సైటుకు కూడా వర్తిస్తుందని గ్రంథాలయాలు గుర్తించాలి. కొత్త పరిశోధక విద్యార్థులకు చేరిన మొదటి నెలల్లోనే, పర్యవేక్షకుల సమక్షంలో సబ్జెక్టు లైబ్రేరియన్‌తో ఒక సమావేశాన్ని తప్పనిసరి చేస్తే బాగుంటుంది. వందమందిని ఒకే హాలులో కూర్చోబెట్టి నడిపే పరిచయ కార్యక్రమం దానికి ప్రత్యామ్నాయం కాలేదు. చరిత్ర చదివేవారికీ రసాయన శాస్త్రం చదివేవారికీ ఒకే తెరపట్టు చూపితే ఇద్దరికీ ఉపయోగం ఉండదు.

క్యాంపస్ బయటి నుంచి చందా పత్రికలను చదివే సదుపాయం లేకుండా నా పని సాగేదే కాదు. చాలా గ్రంథాలయాలు ఇందుకు ఈజీప్రాక్సీ వంటి సాఫ్ట్‌వేర్‌ను వాడతాయి. మనం లాగిన్ అయ్యాక, ప్రచురణ సంస్థ సర్వరుకు మన అభ్యర్థన విశ్వవిద్యాలయం నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. పని మధ్యలో లాగిన్ గడువు తీరిపోయి మళ్లీ మొదటికి రావడం విసుగు తెప్పిస్తుంది. ఫలితాల జాబితాను సరిగా పరిశీలిస్తున్నప్పుడు ఇలా జరిగితే ఎక్కడ ఆపామో వెతుక్కోవలసి వస్తుంది. బ్రౌజరు అడ్రసు బారులోని లింకును దాచుకుంటే అది మరునాటికి పనిచేయకపోవచ్చు కనుక వ్యాసానికి ఉండే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యను, లేదా డేటాబేసు ఇచ్చే శాశ్వత లింకును దాచుకోవడం మంచిది. ఒక వ్యాసానికి గ్రంథాలయం చందా ఉన్నా పూర్తి పాఠం తెరుచుకోని సందర్భాలు ఉంటాయి. చందా ఏ సంవత్సరాల సంచికలకు వర్తిస్తుందన్న వివరం కేటలాగులో ఒకలా, ప్రచురణకర్త దగ్గర మరోలా నమోదు కావడం దీనికి ఒక కారణం. అలాంటివి తెలియజేసినప్పుడు ఎలక్ట్రానిక్ వనరుల విభాగం వారు శ్రద్ధగా సరిచేశారు.

చందా లేని వ్యాసాలను ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించడానికి ఇంటర్ లైబ్రరీ లోన్ ఉంది. దీనికి నేను నిండు మార్కులు వేస్తాను. పత్రికా వ్యాసాలు, పుస్తకంలోని ఒక అధ్యాయం స్కాన్ చేసిన ప్రతిగా త్వరగా వచ్చేవి. పుస్తకం అయితే మరో ఊరి గ్రంథాలయం నుంచి తపాలాలో రావాలి కనుక ఆలస్యం తప్పదు. పాత సంచికలను స్కాన్ చేసినప్పుడు మడత దగ్గరి అక్షరాలు, మడిచి కుట్టిన పట్టికలు తెగిపోతుంటాయి. కనుక అభ్యర్థన రాసేటప్పుడే ఏ పట్టిక ముఖ్యమో ఒక వాక్యంలో చెప్పడం అలవాటు చేసుకున్నాను. అభ్యర్థన అందగానే గ్రంథాలయ సిబ్బంది ముందుగా ఆ వ్యాసానికి ఉచిత ప్రతి ఏదైనా రిపాజిటరీలో (వ్యాసాలను, డేటాను ఆన్‌లైన్‌లో భద్రపరిచే భాండాగారంలో) ఉందేమో చూస్తారు. ఎన్నోసార్లు అక్కడే దొరికింది.

రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్లపై గ్రంథాలయం నడిపే తరగతులు సరిపోయేంత బాగున్నాయి. 2006లో మొదలైన జోటెరో ఓపెన్ సోర్స్ కనుక, విశ్వవిద్యాలయం విడిచిన తర్వాత కూడా మన సంగ్రహం మన దగ్గరే ఉంటుంది కనుక నేను దాన్నే ఎంచుకున్నాను. ఉపసంహరించిన వ్యాసం మన సంగ్రహంలో ఉంటే జోటెరో 2019 నుంచి హెచ్చరిస్తోంది. వైద్య సంబంధ పరిశోధనలో ఇది చిన్న ఉపకారం కాదు. సాఫ్ట్‌వేర్ దిగుమతి చేసుకున్న వివరాలలో రచయితల పేర్లు, సంపుటి సంఖ్యలు తప్పుగా ఉండవచ్చని, ఒక్కొక్కటీ సరిచూసుకోవాలని తరగతిలో ఇంకా గట్టిగా చెప్పాలి. కృత్రిమ మేధ సాధనాలు లేని వ్యాసాలను ఉన్నట్టు పుట్టించి రిఫరెన్సులుగా ఇస్తున్న ఈ రోజుల్లో ఆ అవసరం మరింత పెరిగింది. ఇక థీసిస్‌లో ఇతర రచనలతో కలిసే వాక్యాలను చూపే సిమిలారిటీ రిపోర్టు విషయంలో ఒక్క మాట చాలు. శాతం ఒక్కటే చూసి సంతకం పెట్టే చోట ఆ సేవకు అర్థం లేదు. రిపోర్టును విద్యార్థితో కలిసి చదివి, పద్ధతుల వివరణలో సహజంగా కలిసే వాక్యాలేవో, మూలాన్ని చెప్పకుండా తెచ్చుకున్నవేవో వేరు చేసి చూపే చోట అది నిజమైన బోధన అవుతుంది.

డేటా నిర్వహణ సేవ గురించి పరిశోధకుల్లో ఒక అపోహ ఉంది. నిధులిచ్చే సంస్థ అడిగిన ప్రణాళిక పత్రం నింపి ఇవ్వడమే దాని పని అనుకుంటారు. నాకు కలిగిన ప్రయోజనం అంతకంటే చాలా పెద్దది. డేటా ఇతరులకు కనబడాలి, అందాలి, వేరే డేటాతో కలిసి పనిచేయాలి, తిరిగి వాడుకోవడానికి వీలుండాలి అని 2016లో ప్రచురితమైన ఫెయిర్ సూత్రాలు చెబుతాయి. నా దగ్గర ఉన్నది మనుషుల ఆరోగ్య సమాచారం. దాన్ని బహిరంగంగా పెట్టడం కుదరదు. డేటా లైబ్రేరియన్ ఇక్కడ ఎంతో ఉపయోగపడే దారి చూపారు. డేటా మూసి ఉన్నా దాని వర్ణన, ప్రశ్నావళి, చరరాశుల వివరణ పట్టిక, విశ్లేషణ కోడ్ బహిరంగంగా ఉంచి, డేటాను ఎవరు ఏ షరతులపై అడగవచ్చో అందులోనే రాయవచ్చు. అలాంటి దాఖలాలకు విశ్వవిద్యాలయ రిపాజిటరీ గానీ, 2013 నుంచి ఐరోపా భౌతిక శాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతున్న జెనోడో వంటిది గానీ డీఓఐ ఇస్తుంది కనుక వాటిని వ్యాసంలో ఉదహరించవచ్చు. ఈ ఏర్పాటుకు తగినట్టుగా, అధ్యయనంలో పాల్గొనేవారి సమ్మతి పత్రంలో ముందే ఒక వాక్యం ఉండాలి. సేకరణ ముగిశాక ఆ వాక్యాన్ని చేర్చడం కుదరదు. లైబ్రేరియన్‌ను మొదట్లోనే కలవాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నా దగ్గర లేదు.

ప్రచురణ సలహాలో మోసపూరిత పత్రికలను గుర్తించే సాయం బాగుంది. పేర్ల జాబితా ఒకటి చేతిలో పెట్టకుండా, సంపాదక వర్గం నిజమైనదేనా, సమీక్ష ప్రక్రియ స్పష్టంగా రాశారా, రుసుము ముందే చెబుతున్నారా, పత్రిక డీఓఏజేలో (ఉచితంగా చదవగల పత్రికల సూచికలో) ఉందా అని ఎవరికి వారు పరిశీలించే పద్ధతి నేర్పారు. చందా ఒప్పందం కింద కొన్ని పత్రికల్లో ప్రచురణ రుసుమును విశ్వవిద్యాలయమే భరిస్తుందని కూడా నాకు తెలిసింది వారి వల్లనే. పత్రికకు సమర్పించాకగాని ఈ సంగతి తెలుసుకోని పరిశోధకులు ఎందరో ఉన్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది పత్రికలోని వ్యాసాలకు వచ్చే ఉదహరింపుల సగటు గానీ వ్యాసం విలువ కాదని వారు చెప్పేది నిజమే. నియామక సంఘాలు ఆ మాట వినేంత వరకు యువ పరిశోధకులకు దానివల్ల ఒరిగేది తక్కువ.

ఈ సేవలన్నిటిలో నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్నది ఖాతా ముగింపు విషయంలో. నేను చదివిన చోట థీసిస్ సమర్పించగానే విద్యార్థి హోదా, దానితో పాటు గ్రంథాలయ ఖాతా ముగిసిపోయేవి. పరీక్షకుల వ్యాఖ్యలు వచ్చి సవరణలు చేయవలసిన సమయంలో, పత్రికల సమీక్షకులకు జవాబులు రాయవలసిన సమయంలో పత్రికలేవీ తెరుచుకోవు. ప్రచురణకర్తల లైసెన్సులు ప్రస్తుత విద్యార్థులకు, సిబ్బందికి మాత్రమే అనుమతి ఇస్తాయన్నది వాస్తవం. కానీ పట్టా అందేవరకు హోదాను పొడిగించడం విశ్వవిద్యాలయం చేతిలోని పనే, దానికి ప్రచురణకర్తల అనుమతి అక్కరలేదు. ఆ మార్పు వచ్చేలోగా సమర్పణకు సిద్ధమవుతున్నవారు డేటాబేసుల్లో దాచుకున్న వెతుకులాటలను, ఫలితాల ఫైళ్లను దిగుమతి చేసుకోవాలి, పరిశోధకుల గుర్తింపు సంఖ్య అయిన ఆర్కిడ్ ఖాతాకు, జోటెరో ఖాతాకు సొంత ఈమెయిలును కూడా జతచేయాలి, ఉదహరించిన వ్యాసాల ప్రతులు తమ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోవాలి. గ్రంథాలయానికి స్వయంగా వచ్చి అక్కడి కంప్యూటర్లలో చదువుకునే సందర్శకులకు చాలా లైసెన్సులు అనుమతిస్తాయి. ఖాతా మూసుకుపోయినవారు ఆ సౌకర్యం ఉందేమో లైబ్రేరియన్‌ను అడగాలి.