పారేసే సరుకుతో మోడల్ రైల్వే భవనాలు: ఎనిమిదేళ్లకు ఏం మిగిలింది?

నా లేఅవుట్ (మోడల్ రైలు పట్టాలు, పరిసరాలతో కూడిన నమూనా) మీద ఒక స్టేషన్, గూడ్స్ షెడ్డు, సిగ్నల్ క్యాబిన్, నీళ్ల ట్యాంకు ఉన్నాయి. అన్నీ హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. గోడలూ కప్పులూ కిట్లలోవే. వాననీటి గొట్టాలు, నిచ్చెనలు, రెయిలింగులు, దీపాలు, రేకుల పంచలు మాత్రం ఎనిమిదేళ్లుగా పారేయాల్సిన వస్తువులతోనే చేస్తున్నాను. మొదటి ఏడాది ప్రతిదానికీ ఫొటో తీసుకుని మురిసిపోయాను. మొన్న ఆ ఫొటోలు ముందు పెట్టుకుని లెక్క చూస్తే సగానికి సగం లేవు.

రైలు తగిలి విరిగింది ఒక్కటీ లేదు. పట్టాలు తుడుస్తుంటే చొక్కా చెయ్యి తగిలి కొన్ని పోయాయి, దుమ్ము దులిపే కుంచెతో మిగతావి ఊడగొట్టాను. అందుకే ఇప్పుడు ఏది చేసినా జిగురు పూర్తిగా ఆరాక, రంగు వేయకముందే, కుంచెతో నాలుగుసార్లు గట్టిగా దులుపుతాను. ఊడేదేదో అప్పుడే ఊడిపోతే నయం.

అన్నిటికన్నా మన్నింది పాత కరెంటు వైరులోని రాగి తీగ. 100 మిల్లీమీటర్ల వాననీటి గొట్టం ఈ స్కేల్లో 1.15 మిల్లీమీటర్లు అవుతుంది. ఒంటి తీగ ఉన్న 1 చదరపు మిల్లీమీటరు వైరు తొక్క తీస్తే లోపల మందం 1.13. ఇంతకన్నా ఏం కావాలి? తీగ వంకరగా ఉంటుంది కాబట్టి ఒక చివర వైస్‌లో బిగించి, రెండో చివర కటింగ్ ప్లయర్‌తో పట్టి, కొంచెం సాగినట్టు అనిపించేదాకా లాగాలి. బాణంలా నిటారుగా వస్తుంది, పైగా గట్టిపడుతుంది. ఆ తర్వాత చేసే పనే అసలైనది. రెండు చివరలూ లోపలికి వంచి, గోడకు చిన్న రంధ్రాలు పెట్టి అందులో దూర్చి, వెనక నుంచి ఎపాక్సీ పెట్టాలి. గోడ మీద జిగురుతో అంటించి వదిలేసిన గొట్టాలన్నీ ఊడాయి. రంధ్రంలో దిగినవి ఒక్కటీ కదల్లేదు. రంగు వేసే ముందు సాండ్‌పేపర్‌తో రుద్ది ప్రైమర్ కొట్టకపోతే మాత్రం పొరలు పొరలుగా లేస్తుంది.

నిచ్చెనకు మొదట స్టేప్లర్ పిన్నులు వాడాను. మెట్టుకీ మెట్టుకీ 300 మిల్లీమీటర్లనుకుంటే మోడల్లో మూడున్నర, చూడముచ్చటగా వచ్చింది. కానీ పక్కనే గడ్డి అతికించడానికి చల్లిన నీళ్ల జిగురు తగిలి తుప్పు పట్టింది. రంగు మీదకు కూడా తుప్పు మరకలు తేలాయి. ఇప్పుడు సన్న రాగి తీగనే టంకం పెట్టి చేస్తున్నాను. ఒక నిచ్చెనకు ఒక సాయంత్రం మొత్తం పోతుంది, ఓపిక లేనివాళ్లు కొనుక్కోవడమే మేలు.

కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల ముక్కల్ని, మనవాళ్లు స్ప్రూ అనేవాటిని, కొవ్వొత్తి సెగ మీద మెత్తబరచి సాగదీయడం అందరూ చెప్పే చిట్కానే. తల వెంట్రుకంత సన్నగా వస్తుంది. చూడ్డానికి దీన్ని మించింది లేదు, మన్నికలో మాత్రం దీనికన్నా అధ్వానమైంది కూడా లేదు. చిటికెలో విరుగుతుంది. ప్లాస్టిక్ సిమెంటు (కిట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) ఒక చుక్క ఎక్కువైతే కరిగి కూర్చుంటుంది.

ముడతల రేకులకు ఆహారం ప్యాక్ చేసే అల్యూమినియం ట్రే బాగా పనికొచ్చింది. మెత్తటి రబ్బరు మీద ముక్క పరిచి, దాని మీద ఎమ్5 (5 మిల్లీమీటర్ల) మరల రాడ్డును గట్టిగా నొక్కుతూ దొర్లించాలి. మరకీ మరకీ ఎడం 0.8 మిల్లీమీటర్లు, ఈ స్కేలుకు దాదాపు సరిపోతుంది. గీతలు కాస్త ఓరగా పడతాయి, ముక్కను ఆ ఓరకే కత్తిరించుకోవాలి. పంచ మీద వేలు పడితే సొట్ట పడుతుంది కాబట్టి అడుగున అట్ట తప్పదు. అట్టకు డబుల్ సైడ్ టేపుతో అంటించినవి రెండో ఏడాదికే అంచుల దగ్గర లేచాయి. మళ్లీ అన్నీ పీకి ఎపాక్సీతో వేశాను. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

అట్ట అంటే అందరికీ చిన్నచూపు. తలుపు పలకలు, కిటికీ గట్లు అట్టతో చేసి, అంచులకు పల్చటి సూపర్ గ్లూ పీల్పించి చూడండి. ప్లాస్టిక్‌లా బిగుసుకుంటుంది, సాండ్‌పేపర్‌తో రుద్దినా పీచు లేవదు. పీల్పించనివి తేమకు ఉబ్బాయి. కిటికీ అద్దాల దగ్గరికి మాత్రం ఆ గ్లూ తేవద్దు, దాని ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి మసక పడుతుంది. అక్కడ తెల్ల జిగురు చాలు.

ఇక నన్ను బాగా మోసం చేసినవి సీసా మూతలు, స్ట్రాలు, పెన్ను రీఫిల్ గొట్టాలు. ఆకారం చూస్తే నీళ్ల ట్యాంకుకు, పైపులకు అచ్చు గుద్దినట్టుంటాయి. మామూలు జిగురేదీ పట్టదు, పట్టిన రంగు గోరు తగిలితే ఊడుతుంది. వస్తువు అడుగున ప్లాస్టిక్ రకాన్ని తెలిపే త్రిభుజంలో 2, 4, 5 అంకెలుంటే ఇప్పుడు ముట్టుకోను. 6 ఉంటే పాలీస్టైరీన్, కిట్ ప్లాస్టిక్ జాతే, ప్లాస్టిక్ సిమెంటుకు చక్కగా అతుక్కుంటుంది. రీఫిల్‌లో పనికొచ్చేది లోహపు మొన ఒక్కటే, తిరగేస్తే గోడ దీపానికి మంచి డోము. సిరా పూర్తిగా కడగాలి సుమా. నా గూడ్స్ షెడ్డు గోడ మీద నల్ల మరకను ఇంజను పొగ అని చెప్పుకుంటున్నాను.

సాగదీసిన స్ప్రూతో చేసినవాటిలో ఈరోజుకి మిగిలింది ఒక్కటే. సిగ్నల్ క్యాబిన్ వెనక, గోడకు ఆనుకుని ఉన్న టెలిఫోన్ తీగ. అక్కడికి నా చెయ్యి వెళ్లదు.