రెండున్నరేళ్ళ వాడకం తర్వాత వీఆర్ హెడ్‌సెట్: నా గొడవంతా లెన్సులతోనే

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్ళకి కట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం చూపించే పరికరం, కొని రెండున్నరేళ్ళు దాటింది. స్క్రీన్ రిజల్యూషన్, ప్రాసెసర్ లాంటి వాటి జోలికి పోను, అవి అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఒక గీత గురించి.

ఒక ఆదివారం పొద్దున అరగంట బాక్సింగ్ గేమ్ ఆడి, హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను, లెన్సులు పైకి ఉండేలా. స్నానం చేసి వచ్చేసరికి కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. పక్కకి జరిపాను, అంతకుమించి ఏమీ అనుకోలేదు. సాయంత్రం పెట్టుకుంటే ఎడమ కంటి ముందు పసుపుపచ్చ గీత! గోటితో గీరినట్టు, కొంచెం వంపు తిరిగి ఉంది. లెన్స్‌కి ఏదో అంటుకుందేమో అని మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు. రీస్టార్ట్ చేశాను. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాను. తల ఎటు తిప్పితే గీత అటే వస్తోంది. కాలింది లెన్స్ కాదు, లోపలి స్క్రీన్ అని అప్పుడు వెలిగింది.

చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చాం చూడండి, ఇదీ అంతే. కంటికి అంత దగ్గరున్న స్క్రీన్ దూరంగా కనబడాలంటే, అది లెన్స్ ఫోకస్ దగ్గరే ఉండాలి. మరి బయటి నుంచి ఎండ పడినా అది చేరేది అక్కడికే. సూర్యుడు జరిగిన కొద్దీ ఆ వేడి చుక్క కూడా జరుగుతుంది. అందుకే నాకు మచ్చ బదులు గీత మిగిలింది.

ఎండ తగలనివ్వొద్దని మాన్యువల్‌లో రాసే ఉంది. సర్వీస్ సెంటర్‌లో ఆ పేజీ చూపించి మరీ వారంటీ రాదన్నారు. తప్పు నాదే, కాదనను. అయినా మంట తగ్గలేదు. ఫోన్‌ని ఎక్కడపడితే అక్కడ పడేస్తాం, ల్యాప్‌టాప్ తెరిచి వదిలేసి వెళ్ళిపోతాం. దీన్ని మాత్రం కళ్ళకి గంతలు కట్టి దాచాలట! రేపు ప్రతి ఇంట్లో వీఆర్ ఉంటుందని చెప్పేవాళ్ళు లెన్సుల మీద మూసుకునే ఒక చిన్న మూత ఎందుకు పెట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు నేనే అట్టముక్క కత్తిరించి అడ్డం పెడుతున్నాను.

కొన్న కొత్తలో టీవీ పని అయిపోయిందని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఆ మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నా. ఇందులో పూర్తి సినిమా చూసి ఏడాది దాటింది. అర కిలో బరువు మొహం మీద గంట ఉంటే బుగ్గల మీద అచ్చు పడుతుంది, పైగా పక్కన కూర్చున్న మనిషితో "ఇది చూడు" అనే వీలే లేదు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చేసిన తొలితరం హెడ్‌సెట్‌ అయితే పైకప్పు నుంచి దిగిన యంత్రానికి తగిలించి ఉండేది. 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రో బ్యాటరీని వైరు పెట్టి జేబులోకి తోసేసినా, 600 గ్రాములకి తగ్గలేదు. మెడకి అప్పుడే సుఖం రాసిపెట్టి లేదు.

పెద్ద వర్చువల్ మానిటర్ మీద పని చేసుకోవచ్చని కూడా తెగ పొగిడాను. తెల్లటి పేజీ మీద ఆ గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, దాంతో అదీ ఆగిపోయింది. మిగిలింది బాక్సింగ్ ఒక్కటే. అది మాత్రం వారానికి నాలుగు రోజులు ఆడుతున్నాను. వ్యాయామం అంటే బద్ధకించే నేను ఇన్నాళ్ళు మానకుండా చేసింది ఇదొక్కటే, కాబట్టి డబ్బు పూర్తిగా దండగ అనలేను. గుద్దులు విసిరే హడావుడిలో గీత గుర్తే రాదు.

కొనమంటారా అని అడిగితే, మీ ఇంటిని బట్టి ఉంటుంది. మేం ఉండేది ఇద్దరం, చేతులు చాపే జాగా ఉంది, నాకు కళ్ళద్దాలు లేవు. అద్దాలు పెట్టుకునేవాళ్ళు ఒకసారి తగిలించుకుని చూశాకే కొనండి, అవి లెన్సులకి తగిలితే గీతలు పడతాయి. దాన్ని పెట్టడానికి ఎండ రాని అల్మారా ఒకటి ముందే చూసుకోండి.