నిద్ర కోసం సౌండ్ హెడ్‌బ్యాండ్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పడుకున్న వెంటనే నిద్ర పట్టాలని, నిద్రలో చిన్న చప్పుళ్లు వినిపించే ఈ హెడ్‌బ్యాండ్‌ని కొనే ఆలోచనలో ఉంటే కొంచెం ఆగండి. నాకు నిద్ర పట్టడానికి ఇదివరకు ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతోంది. పట్టిన నిద్ర గాఢంగా ఉండటంలోనే తేడా కనిపించింది.

గాఢనిద్రలో మెదడులో పెద్ద విద్యుత్ తరంగాలు చాలా నెమ్మదిగా, దాదాపు సెకనుకు ఒకటి చొప్పున లేస్తుంటాయి. నుదుటికి ఆనే సెన్సార్లు వాటిని పసిగట్టి, తరంగం పైకి లేచే క్షణంలోనే పింక్ నాయిస్ అనే, వాన హోరులాంటి చిన్న చప్పుడు వినిపిస్తాయి. అది సెకనులో ఇరవయ్యో వంతు కూడా దాటదు. ఊయల ముందుకు వెళ్తున్నప్పుడు తోస్తే ఎత్తుకు లేస్తుంది, ఎదురొస్తున్నప్పుడు తోస్తే ఆగిపోతుంది కదా, ఇదీ అంతే. 2013లో జర్మనీ పరిశోధకులు 11 మందితో చేసిన ప్రయోగంలో చప్పుడు సరైన క్షణంలో పడినప్పుడు తరంగాలు బలపడ్డాయి, రాత్రి నేర్చుకున్న పదాలు పొద్దున బాగా గుర్తున్నాయి. క్షణం తప్పినప్పుడు ఆ లాభం కనిపించలేదు. జ్ఞాపకశక్తి విషయంలో తర్వాతి ప్రయోగాల ఫలితాలు అన్నీ ఒకేలా రాలేదు. కాబట్టి పరీక్షలకు చదివే పిల్లల కోసమని దీన్ని కొనమని నేను చెప్పను.

నాకు కలిగిన మేలు మధ్యాహ్నం పూట తెలిసింది. భోజనం తర్వాత తల బరువెక్కి, చదివిన వాక్యాన్నే మళ్లీ చదవాల్సి వచ్చేది. అది బాగా తగ్గింది. ఇదంతా నా భ్రమేమో అన్న అనుమానంతో కొన్ని వారాలు బ్యాండ్ పెట్టుకుని, సౌండ్ మాత్రం ఆపేసి చూశాను. లాభంలో కొంత అప్పుడూ నిలిచింది, ఎందుకంటే బ్యాండ్ పెట్టుకోవాలన్న నియమం వల్ల రోజూ ఒకే వేళకు పడుకుంటున్నాను. సౌండ్ మళ్లీ ఆన్ చేశాక పొద్దున లేవడం ఇంకాస్త తేలికైంది. చిన్న తేడానే అయినా నాకది విలువైనదే.

ఇబ్బందులూ ఉన్నాయి. పక్కకు తిరిగి పడుకుంటే చెవి వెనక ఒత్తుకుంటుంది. చెమట పడితే సెన్సార్ పట్టు తప్పుతుంది, రోజూ తడిగుడ్డతో తుడవాల్సిందే. వాల్యూమ్ కాస్త పెరిగినా మెలకువ వచ్చేస్తుంది, అందుకే వినీ వినబడనంతలో పెట్టుకోండి. టెన్షన్‌గా ఉన్న రాత్రుల్లో తరంగాలే సరిగ్గా లేవవు, ఇక బ్యాండ్ మాత్రం ఏం చేస్తుంది? బ్యాండ్ యాప్‌లో వచ్చే నిద్ర స్కోరు పొద్దున్నే చూడటం మానేశాను. అది తక్కువగా ఉంటే బాగానే లేచిన రోజు కూడా నీరసంగా అనిపించేది.

నిద్ర కోసమే, చెవి తమ్మెలకు క్లిప్పులు పెట్టి సన్నటి కరెంటు పంపే పరికరాన్నీ కొన్నాళ్లు వాడాను. చెవి దగ్గర చిమచిమలాడటం తప్ప నాకు ఏ మార్పూ తెలియలేదు. అమెరికాలో దాన్ని డాక్టర్ చీటీ మీదే ఇస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అలాంటివి ముట్టుకోకండి.

గట్టిగా గురక పెట్టేవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లు ముందు స్లీప్ టెస్ట్ చేయించుకోండి. ఆ సమస్యకు ఈ బ్యాండ్ ఏమీ చేయలేదు. మిగతావాళ్లు కొనేటప్పుడు వెనక్కి ఇచ్చే గడువు కనీసం నెల ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే నుదుటికి ఇది అలవాటు కావడానికే వారాలు పడుతుంది.