మడ్డా, నెట్‌హాకా, చదరంగమా: మన నెట్‌కు ఏది మేలు?

అక్షరాలతోనే నడిచే పాత ఆన్‌లైన్ ఆటల మీద మనసు పడిన కడప, అనంతపురం పిల్లలు తరచూ అడిగేది ఒకటే: "అన్నా, ముందు ఏది ఆడాల?" ఏ ఆటలో కథ బాగుంది, ఏది కష్టం అని చూసేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం మనం నొక్కిన మీట సర్వర్‌కు ఎట్లా చేరుతుందో ముందు చూస్తాను. ఈ సర్వర్లు చాలావరకు అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటాయి. కడప నుంచి అమెరికాకు పోయి రావడానికే దాదాపు పావు సెకను పడుతుంది. సాయంత్రం టవర్ మీద రద్దీ పెరిగితే ఇంకా ఆలస్యం.

నెట్‌హాక్ అంటే అక్షరాలతో గీసిన నేలమాళిగల్లో ఒక్కరమే తిరిగే సాహసపు ఆట, తెర మీద @ గుర్తే మనం. దాన్ని సర్వర్‌లో ఆడితే ప్రతి మీటా విడిగా పోతుంది. 'ఎల్' నొక్కితే ఆ అక్షరం అక్కడికి చేరి, జవాబు తిరిగొచ్చాకే మన తెర మీద @ ఒక గడి కుడికి జరుగుతుంది. నెట్ ఆగిందంటే @ కదలదు. మీట పడలేదేమోనని ఇంకో నాలుగుసార్లు నొక్కుతాం. అవన్నీ కలిసి ఒక్కసారిగా చేరేసరికి @ పరుగెత్తి నీలిరంగు 'ఇ'ని గుద్దేస్తుంది. అది ఫ్లోటింగ్ ఐ అనే గాల్లో తేలే కన్ను లాంటి జీవి. దాన్ని చేత్తోనో కత్తితోనో కొట్టినవాడు కొయ్యబారిపోతాడు, ఆపైన ఏ చిన్న జంతువు వచ్చినా ప్రాణం తీస్తుంది. అంత మంచి ఆట నెట్ వల్ల పాడవడం నాకు ఇష్టం లేదు. నెట్‌హాక్ కావాలంటే మీ కంప్యూటర్‌లోనే వేసుకుని ఆడండి, అది ఉచితం.

మడ్ సంగతి వేరు. చాలామంది ఒకే లోకంలోకి వచ్చి, మాటలు టైప్ చేసి ఆడే సాహసపు ఆట అది. మొదటి మడ్‌ను 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద మొదలుపెట్టాడు, తర్వాత రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. మడ్‌లో 'కిల్ ర్యాట్' (ఎలుకను చంపు) అని మన దగ్గరే టైప్ చేసుకుంటాం. తప్పుపడితే దిద్దుకుంటాం. ఎంటర్ కొట్టినప్పుడే ఆ వరస మొత్తం ఒక్కసారి పోతుంది. డికూమడ్ అనే పాత మడ్ నమూనాలో నడిచే మడ్‌లలో ఆ తర్వాత పోరు విడతలు సర్వరే నడుపుతుంది, మనం 'ఫ్లీ' (పారిపో) కొట్టాలా వద్దా అని చూసుకుంటే చాలు. పావు సెకను ఆలస్యం లెక్కలోకే రాదు. పైగా అవతల ఉండేది మనుషులు. మనకు పొద్దున ఆరంటే అమెరికాలో రాత్రి భోజనాల వేళ. అప్పుడు పోతే దారి చూపేవాళ్లు దొరుకుతారు.

ఒక్క విషయంలో నెట్‌హాక్‌దే పైచేయి: లైన్ తెగితే సర్వర్ ఆటను సేవ్ చేసి పెడుతుంది. చాలా మడ్‌లలో మన పాత్ర ఆ గదిలోనే నిలబడి దెబ్బలు తింటుంది. కాబట్టి కరెంటు పోయే వేళల్లో పోరుకు దిగొద్దు.

చదరంగానికి 1995 నుంచి ఫ్రీచెస్ సర్వర్ ఉంది. టైమ్‌సీల్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే నెట్ తినే సమయం మన గడియారంలో పడదు. చదరంగం ఇష్టమైనవాళ్లకు అది చాలు.

నా మాట మడ్‌కే. సర్వర్‌కు కలిపే పాత ప్రోగ్రాం, విండోస్‌లో ఉండే టెల్‌నెట్‌తో వద్దు, సర్వర్ నుంచి వచ్చే మాటలు మనం టైప్ చేస్తున్న వరస మధ్యలో చొరబడతాయి. మడ్‌ల కోసమే చేసిన మడ్‌లెట్ ప్రోగ్రాం వేసుకోండి, అందులో టైప్ చేసే గడి వేరుగా ఉంటుంది. మడ్‌లెట్ కూడా మామూలుగా టెల్‌నెట్ పద్ధతిలోనే కలుస్తుంది, ఆ పద్ధతిలో పాస్‌వర్డ్ ఏ రక్షణా లేకుండా ఉన్నదున్నట్టే పోతుంది. మడ్‌కు పెట్టినదాన్ని మెయిల్‌కు గానీ బ్యాంకుకు గానీ పెట్టొద్దు.