సర్వీసు సెంటర్ పాడుచేసిన కారుకి ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం పెట్టకండి

మొత్తం చదివే తీరిక లేనివాళ్లకి ముందే ఒక్క మాట. డీలర్ వర్క్‌షాప్‌లో మీ కారుకి నష్టం జరిగాక సర్వీస్ అడ్వైజర్ వచ్చి "ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం మేడమ్, మీకు పైసా ఖర్చుండదు" అన్నాడంటే అక్కడే ఆగండి. ఆ ఫారం మీద మీ సంతకం పడిందా, వాళ్లు చేసిన తప్పు మీ తప్పయిపోతుంది. నేను పెన్ను చేతిలోకి తీసుకున్నాక ఆగాను. మీరు అంతదాకా వెళ్లకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది నాలుగేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కొన్నది హైదరాబాద్‌లో, సర్వీసులన్నీ కొన్న డీలర్ దగ్గరే. ఒక్కటి కూడా తప్పించలేదు, ఒక్కటి కూడా బయట చేయించలేదు. డీలర్ పేరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా తేలలేదు, పైగా ఏ బ్రాండు వర్క్‌షాప్‌లోనైనా ఇది జరగొచ్చు.

ఒక శుక్రవారం 40,000 కిలోమీటర్ల సర్వీసుకిచ్చాను. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకుల క్లీనింగు, వీల్ అలైన్‌మెంట్. సాయంత్రం 5 గంటలకి బండి ఇచ్చారు. బిల్లు 9,800. ట్యాబ్ ముందు పెట్టి, పని తృప్తిగా ఉందని వేలితో సంతకం గీయమన్నారు. బండి కనీసం స్టార్ట్ చేసి చూడకుండానే గీసేశాను.

ఇంటికొచ్చాక కూరగాయల సంచీ తీసుకుందామని సెల్లార్‌లోకి దిగితే కారు కింద అరచేయంత మరక కనిపించింది. నల్లగా లేదు, తేనె రంగులో ఉంది, అంటే ఆ రోజు పోసిన కొత్త ఆయిలే. ఫోటో తీసి 7:40కి అడ్వైజర్‌కి వాట్సాప్‌లో పంపాను. "ఫిల్టర్ మార్చేటప్పుడు ఒలికింది మేడమ్, ఒకట్రెండు రోజులు చుక్కలు పడతాయి, ఏం భయం లేదు" అని జవాబొచ్చింది. నమ్మాను. నాలుగేళ్లుగా తెలిసిన మనిషి కదా అనుకున్నాను. తర్వాత నన్ను ఆదుకున్న రెండు సాక్ష్యాల్లో ఆ ఫోటో, ఆ జవాబు ఒకటి.

మర్నాడు పొద్దున్నే అమ్మని తీసుకుని కోదాడ దగ్గర మా ఊరికి బయల్దేరాను. పంతంగి టోల్‌గేటు దాటి చిట్యాల దగ్గరపడుతుండగా డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా గుర్తున్న ఎర్ర దీపం వెలిగింది. దాని గురించి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది ఆయిల్ కాస్త తగ్గిందని గుర్తుచేసే దీపం కాదు. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే దీపం. క్రాంక్‌షాఫ్ట్ తిరిగేది బేరింగుల మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొర మీదే. ఆ పొర పోతే ఇనుముని ఇనుము తినేస్తుంది. పెట్రోల్ బంకు దాకా వెళ్దాం అనుకోకూడదు, వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. వెనకాల లారీ ఉండటంతో నేను ఎడమకి తీసి ఆపేసరికి అర నిమిషమైనా పట్టి ఉంటుంది. అప్పటికే లోపలి నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. పక్కన అమ్మ చున్నీ అంచు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. హైవే మీద ఆ పది నిమిషాలు నాకు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

దగ్గర్లో ఉన్న మెకానిక్ కుర్రాడు బైక్ మీద వచ్చాడు. కిందికి దూరి ఫోన్ లైటు వేసి చూసి, చెయ్యి పెట్టకుండానే బయటికొచ్చాడు. "అక్కా, ముందుగాల వీడియో తీస్కో. నేను ముట్టుకున్ననంటే నేనే ఖరాబు చేసిన్నంటరు" అన్నాడు. ఆ పిల్లాడి మాటకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. వీడియోలో అంతా స్పష్టంగా ఉంది. ఆయిల్ చాంబర్ అడుగున, పాత ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు సగం బయటికి వేలాడుతోంది, దాని చుట్టలకి అల్యూమినియం పొట్టు అంటుకుని ఉంది. "గన్ను పెట్టి బిగించిన్రక్కా, త్రెడ్డు మొత్తం తినేసింది" అన్నాడు.

చాంబర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. నా మోడల్‌లో ఆ బోల్టుని 35 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలట. అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో చేత్తో బిగించాలి, ఆయిల్ మార్చినప్పుడల్లా కింది వాషర్ కూడా మార్చాలి. బోల్టులు బిగించే గాలి గన్నుతో ఒక్క నొక్కు నొక్కితే మెత్తటి అల్యూమినియం త్రెడ్డు, అంటే బోల్టు పట్టుకునే మర, లోపల్లోపలే కోసుకుపోతుంది. వర్క్‌షాప్‌లో నిలబెట్టినప్పుడు బిగుతుగానే కనిపిస్తుంది. వేడికి, ఊపుకి రోడ్డు మీద ఊడుతుంది. మూడున్నర లీటర్ల ఆయిల్ ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు.

బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఆ డీలర్ దగ్గరికే పంపాను. వేరే దారి తోచలేదు. పంపే ముందు మీటరు రీడింగు, నాలుగు వైపులా ఫోటోలు, కింద వీడియో మాత్రం తీసుకున్నాను.

సోమవారం వెళ్తే వర్క్స్ మేనేజర్ ముందు "మీ సార్‌ని తీసుకురండి మేడమ్, వివరంగా మాట్లాడదాం" అన్నాడు. బండి నా పేరు మీద ఉంది, నడిపింది నేను, మాట్లాడేది నేనే అని చెప్పి కూర్చున్నాను. అప్పుడు మొదలైంది. కింద రాయి తగిలిందన్నారు. దీపం వెలిగాక కూడా నడిపారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. ఎస్టిమేట్ 1,18,000. నా ముఖం చూసి గొంతు తగ్గించి, "మీరు పాత కస్టమర్ కదా, మేం చూసుకుంటాం" అంటూ క్లెయిమ్ ఫారం తెచ్చారు. అన్నీ వాళ్లే నింపేశారు, సంతకం ఒక్కటే బాకీ. పెన్ను తీసుకున్నాక, ప్రమాదం జరిగిన తీరు అన్న గడి చదివాను. "రోడ్డుపై రాయి తగిలి ఆయిల్ చాంబర్ దెబ్బతినడం వల్ల" అని రాసి ఉంది. నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఏ రాయీ తగల్లేదు.

అది నేను సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తర్వాత కూర్చుని ఆలోచిస్తే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. మొదటిది, ఇన్సూరెన్స్ కంపెనీకి అబద్ధం చెప్పినదాన్ని నేనవుతాను, డీలర్ కాదు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి చాంబర్ మీద దెబ్బ గుర్తే లేదని క్లెయిమ్ కొట్టేస్తే నాకు దిక్కెవరు? నిజంగా రాయి తగిలిన కేసుల్లో కూడా ఆయిల్ లేకుండా తిరిగి ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ (అదనంగా కొనే కవర్) లేని పాలసీలో ఆ భాగానికి డబ్బు రావడం కష్టం. నా పాలసీలో అది లేదు. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, సున్నా అయ్యేది. వీటన్నిటికన్నా ఘోరం, రేపు నేను ఎక్కడ ఫిర్యాదు చేసినా డీలర్ ఆ ఫారం తీసి "రాయి తగిలిందని ఆమే రాసిచ్చింది" అని చూపిస్తాడు. నా సంతకమే నాకు ఎదురు సాక్ష్యం.

పెన్ను బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత అన్నీ రాతలోనే. ఫోన్ చేస్తే ఎత్తి, "మెయిల్ పెట్టండి" అని పెట్టేసేదాన్ని. ఇంజిన్ విప్పడానికి అనుమతి ఇవ్వమని రోజూ మెసేజీలు పంపారు. ఇవ్వకపోతే రోజుకి 500 పార్కింగ్ ఛార్జీ వేస్తామని కూడా రాశారు. భయపడి విప్పనిచ్చానా, సాక్ష్యం వాళ్ల చేతుల్లోకి పోతుంది. నా తరఫు మనిషి చూసేదాకా ముట్టుకోవద్దని ప్రతి మెసేజీకీ జవాబిచ్చాను. లైసెన్సున్న మోటార్ సర్వేయర్‌ని సొంతంగా పెట్టుకున్నాను, ఫీజు 4,500. చాంబర్ బయట గీత కూడా లేదని, త్రెడ్డు లోపలి నుంచే కోసుకుపోయిందని, బోల్టుకి పాత వాషరే ఉందని ఫోటోలతో రిపోర్టు ఇచ్చారు. బిల్లులో మాత్రం కొత్త వాషరుకి డబ్బు వేశారు!

కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కి రాస్తే, టికెట్ నంబరిచ్చి తిప్పి ఆ డీలర్‌కే పంపారు. డీలర్ స్వతంత్ర వ్యాపారి, వర్క్‌షాప్ పనికి బాధ్యత వాళ్లదే అని చివరికి రాతపూర్వకంగా చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాను. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదుని అవతలి పక్షానికి పంపి జవాబు అడుగుతారు. అయినా చెయ్యండి, తేదీతో ఒక రికార్డు మిగులుతుంది.

డీలర్‌ని కదిలించింది లీగల్ నోటీసే. మా బాబాయి కొడుకు వకీలు, వాడు రాసిచ్చాడు. అందులో ప్రధానంగా రెండే మాటలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, మన వస్తువుని ఒకరికి అప్పగిస్తే, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో వాళ్లూ అంత జాగ్రత్తగా చూడాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వినియోగదారుడికి నష్టం తెచ్చే నిర్లక్ష్యం సేవాలోపమే. బండి సర్వీసుకిచ్చేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డు వెనక సన్నటి అక్షరాలతో వాహనం యజమాని బాధ్యతే అని అచ్చేసి ఉంటుంది. దాన్ని చూసి ఆగిపోకండి.

నోటీసుకి 15 రోజులు గడువిచ్చాం. 12వ రోజున ఫోన్ చేసి ఇంజిన్ ఉచితంగా బాగుచేస్తామన్నారు. చాంబర్, బేరింగులు, ఆయిల్ పంపు మార్చారు. బండి ఆగినప్పటి నుంచి తాళాలు నా చేతికొచ్చేసరికి 41 రోజులు. అప్పుడూ ఒక కాగితం తయారుగా ఉంది. అన్ని క్లెయిములూ పూర్తిగా తీరిపోయాయని, ఇక ఏ ఫిర్యాదూ చేయనని అందులో ఉంది. "ఇంజిన్ మరమ్మతు వరకే అందుకున్నాను, మిగతా నష్టాలపై నా హక్కులు వదులుకోవడం లేదు" అని నా చేత్తో రాసి సంతకం చేస్తానన్నాను. రెండు గంటలు వాదించారు. అలా రాసే తెచ్చుకున్నాను. ఒకవేళ డబ్బు కడితే గానీ బండి ఇవ్వమంటే, కట్టండి గానీ అభ్యంతరంతో చెల్లిస్తున్నానని బిల్లు మీదే రాయండి, దాని ఫోటో తీసుకోండి.

ఇప్పుడు నేను బండి తీసుకునేటప్పుడు సంతకం చివర పెడతాను. ముందు లిఫ్ట్ మీద ఉండగా కింద చూపించమంటాను. డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు దగ్గర గుడ్డతో తుడిపించి, ఇంజిన్ పది నిమిషాలు ఆన్‌లో పెట్టి మళ్లీ చూస్తాను. డిప్‌స్టిక్ నేనే తీసి చూస్తాను. విప్పిన పాత సామాను వాషరుతో సహా అడిగి తీసుకుంటాను. ఇచ్చేటప్పుడు మీటరు రీడింగు, బాడీ చుట్టూ వీడియో సరే సరి. ఆ రాత్రి పార్కింగ్‌లో కారు కింద పాత అట్టముక్క పరిచి ఉంచుతాను. మర్నాడు ఊరి ప్రయాణం అసలు పెట్టుకోను. చుక్క కనిపిస్తే కారుతుందిలే అన్న మాట వినకండి, బండి కదల్చకుండా వాళ్లనే ఇంటికి రమ్మనండి.

41 రోజుల క్యాబు ఖర్చు 27,400, సర్వేయర్ ఫీజు, నాకూ అమ్మకీ కలిగిన క్షోభ, వీటికోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి రుసుము లేదు. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15, అంతకు మించి లేదు.

ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే అడగండి. మా నోటీసు, మెయిళ్ల నమూనాలు పేర్లు తీసేసి పంపిస్తాను.