కనిపించని అక్షరాన్ని చెరిపేసే రచనా యాప్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బెంగళూరులోని మా తెలుగు సంఘం ఉగాది సంచికను కొన్నేళ్లుగా ఒకే ఆన్‌లైన్ రచనా యాప్‌లో సిద్ధం చేస్తున్నాం. దాని సౌకర్యాలు వాడేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నా బాధంతా ఒక్క విషయంలోనే: పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కనిపించని యూనికోడ్ (అన్ని భాషల లిపులనూ కంప్యూటర్లలో ఒకే తీరులో రాసేందుకు ఉన్న ప్రమాణం) అక్షరాన్ని ఇది పనికిరానిదని చెరిపేస్తుంది.

ఒక అప్‌డేట్‌తో పాటు 'పాఠ శుద్ధి' అనే ఏర్పాటు వచ్చింది. ఆ తర్వాత రాజాజీనగర్ ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులు చూస్తే, సభ్యుల చిరునామాల్లో వైట్‌ఫీల్డ్ ఉండాల్సిన చోటల్లా 'వైట్ఫీల్డ్' అని పడింది. గుడి దీర్ఘం టకారం నెత్తికెక్కి, ఫకారం దాని కింద వత్తుగా చేరింది. రాజ్‌కుమార్ గారు 'రాజ్కుమార్' అయ్యారు. టైపు చేసేటప్పుడు తెరపై సరిగ్గా ఉన్న పేర్లు, సేవ్ చేసి మళ్లీ తెరిచేసరికి మారిపోతున్నాయి. యాప్‌లో ఎన్నిసార్లు దిద్దినా అదే వరస కావడంతో, చివరికి ఫైలును బయటికి తీసి పేరుపేరునా సరిచేశాం. కన్నడంలో రాసే మిత్రుడికీ ఇదే ఇబ్బంది ఎదురైంది.

ఆ అక్షరం వెతుకులాటకు అడ్డమనీ, మోసపూరిత వెబ్ చిరునామాలకు ఉపయోగపడుతుందనీ, యూనికోడ్ ప్రమాణంలో రాసిన ప్రతిదాన్నీ తాము మోయలేమనీ సహాయ విభాగం జవాబిచ్చింది. వారి భయం పూర్తిగా నిరాధారమని అనను. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం కలిసిన ఒక తెలుగు అక్షర సమూహం ఐఫోన్లను స్తంభింపజేసింది. అయితే ఆపిల్ తన లోపాన్ని ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దిందే తప్ప అక్షరాన్ని నిషేధించలేదు. వెబ్ చిరునామాల ప్రమాణం 2003లో దీన్ని తుడిచేసేది. 2010లో వచ్చిన సవరణ పొల్లు తర్వాత వస్తే అనుమతించింది. వెతికేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోకుండా, దాచిన పాఠంలో మాత్రం అలాగే ఉంచడం అసాధ్యమేమీ కాదు. పాఠం అర్థాన్ని మార్చడం లేదని చెప్పుకునే సాఫ్ట్‌వేర్, తుల్య రూపాల (ఒకే అక్షరాన్ని వేరే సంకేతాలతో రాసే సమాన రూపాల) వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్షరాల వరుసను మార్చకూడదని యూనికోడ్ నిబంధన స్పష్టంగా చెబుతోంది.

ప్రమాణంలో ఉన్నదల్లా శిరోధార్యమని నేనూ అనుకోను. 1998 నాటి సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణంలోని 'ఎక్స్‌పోర్ట్' టెంప్లేట్లనే సౌకర్యాన్ని దాదాపు ఏ కంపైలరూ (ఆ భాషలో రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) అమలు చేయలేదు, 2011లో దాన్ని తొలగించడం సబబే. అక్కడ కంపైలర్ల నిర్మాతలు చూపింది ఖర్చు, అనుభవం. ఇక్కడ మాత్రం తెలుగు చదవని నిర్మాత తెలుగు పాఠకుడికి ఏది అక్కర్లేదో తేల్చేస్తున్నాడు. కష్టమెంతో చెప్పే హక్కు అతనిదే కావచ్చు, కానీ ప్రయోజనం ఉందా లేదా అన్నది ఆ లిపిలో రాసేవాళ్లను అడగాలి. ఇలాంటి చోట ప్రమాణం 'తప్పనిసరి' అని గట్టిగా చెప్పకపోతే, తక్కువమంది వాడే అక్షరమే ముందుగా పోతుంది.

అనేకమంది ఒకేసారి దిద్దవచ్చని ఈ యాప్‌ను నేను చాలామందికి సిఫారసు చేశాను. ఇప్పుడైతే అంతిమ ప్రతికి కాకుండా చిత్తుప్రతికని చెబుతాను. శుద్ధిని ఆపుకునే వీలు ఈమధ్య ఇచ్చారు, కానీ అది కొత్త పత్రాలకే వర్తిస్తుంది. ఇంగ్లీషులో మాత్రమే రాసేవారికి నా ఫిర్యాదుతో పనిలేదు. మా సభ్యులు వేర్వేరు పేటల్లో ఉండటం వల్ల మేమింకా దీన్ని మానలేదు. పాత సంచికలకూ ఆ వీలు వస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను.